ఒడెస్సాది ఒరిస్సా కాదు

మా తెలుగువాళ్ళ పిల్లలిద్దరు ఈ ఏడు ఆక్లండ్‌లో మిడ్‌వైఫరీ చదువులో చేరారు. రిటైరై ఇంట్లో టమాటా మొక్కలకు పుల్లలు కడుతున్న నా దగ్గరకు వచ్చి, "ఆంటీ, ఈ జాబ్ నిజంగా ఎలా ఉంటుందో కాస్త చెప్పండి" అని అడిగారు. నోటితో చెబితే నేను మధ్యలో వంటలోకి, వంటలోంచి ఎవరి పెళ్ళిలోకో వెళ్ళిపోతానని మా ఆయన అంటారు. అందుకని రాస్తున్నాను. జీతం, సెలవులు, పరీక్షల సంగతి రాయను. అవి చెప్పడానికి మీ కాలేజీలో మనుషులున్నారు. వాళ్ళు చెప్పనివి కొన్ని ఉన్నాయి.

డాక్టర్ గారు ఎప్పుడొస్తారు?

మొట్టమొదట తెలుసుకోవలసింది, మనవాళ్ళు మిమ్మల్ని నమ్మరు. ఈ దేశంలో గర్భిణి తన మిడ్‌వైఫ్‌ని తానే ఎంచుకుంటుంది. తొలి నెలల నుంచి, బిడ్డ పుట్టి కొన్ని వారాలయ్యేదాకా ఆ ఒక్క మనిషే చూసుకుంటుంది. ఏదైనా తేడా వస్తేనే డాక్టరు. ఈ మాట నేను ఎంతమంది సాఫ్ట్‌వేర్ భర్తలకు చెప్పానో లెక్కలేదు. అందరూ శ్రద్ధగా తల ఊపేవారు. "అర్థమైందాంటీ. చాలా మంచి సిస్టమ్. ఇంతకీ డాక్టర్ గారు ఎప్పుడొస్తారు?" అనేవారు.

'మంత్రసాని' అనే మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. అదేదో తిట్టయినట్టు. ఒకబ్బాయి నన్ను తన స్నేహితులకు 'డెలివరీ ఆంటీ' అని పరిచయం చేశాడు. ఆ పేరే పాకింది. ఒకాయన నిజంగానే కొరియర్ అనుకుని, తన పార్సిల్ ఇంకా రాలేదని ఫోన్లో నా మీద కేకలు వేశాడు. పార్సిల్ ఎన్నో నెల అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

అరవడం మానడం

నేను నర్సింగ్ చదివింది కోస్తాలో ఒక మిషన్ ఆస్పత్రిలో. అక్కడ లేబర్ రూమ్ ఇన్‌చార్జి సిస్టర్ గొంతు బస్టాండ్ దాకా వినబడేది. "తొయ్యి! తొయ్యవే! ఇంకా!" అని ఆవిడ అరిస్తే, పక్క వార్డులో ప్రసవమైపోయి పడుకున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి తోసేవారు. మేమంతా ఆవిడ చేతి కింద తయారైనవాళ్ళమే కాబట్టి మాకూ అదే గొంతు వచ్చింది. ప్రసవమన్నాక అరుపులుంటాయి, అందులో సగం మావే ఉండాలి అనుకునేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయన ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాం. ఇక్కడి పరీక్షలు రాసి ఆక్లండ్‌లోనే మౌంట్ రాస్కిల్ పేటలో ఒక చిన్న క్లినిక్‌లో చేరాను. ఒక డెయిరీ వెనక గది అది. ఇక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, వీధి మొగలో కిరాణా కొట్టు. ఆ క్లినిక్ ఒడెస్సాది.

ఒడెస్సా నల్లజాతి అమెరికన్. అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రంలో ఒక పల్లెటూరిది. ఓడ ఇంజన్లు బాగుచేసే ఒక కివీని, అంటే న్యూజిలాండ్ ఆయన్ని, పెళ్ళి చేసుకుని ఇటు వచ్చేసింది. అప్పటికే అరవైకి దగ్గర పడింది. పొడుగ్గా, నిటారుగా ఉండేది. ఎండాకాలంలో కూడా ఊలు కోటు. చేతిలో ఎప్పుడూ అల్లిక సూదులు.

నేను ఆవిడతో వెళ్ళిన మొదటి ప్రసవం ఒక సమోవా అమ్మాయిది. నొప్పి రాగానే అలవాటు ప్రకారం మొదలుపెట్టాను. "పుష్! పుష్! కమాన్, పుష్!" ఒడెస్సా అల్లికలోంచి తలెత్తకుండానే అడిగింది.

"రూత్, ఎవరిని పిలుస్తున్నావు?"

"ఎవరినీ లేదు. తొయ్యమని చెబుతున్నాను."

"ఆ అమ్మాయి నీ పక్కనే ఉందిగా. పక్క వీధిలో కూడా ఎవరైనా కంటున్నారేమో అనుకున్నాను."

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వులోనే నొప్పి వచ్చింది, ఆ నొప్పిలోనే బిడ్డ వచ్చింది. నవ్వుతూ కన్న తల్లిని చూడడం నాకు అదే మొదలు.

ఆ తర్వాత ఒడెస్సా నాకు పెట్టిన నియమం ఒకటే. అవసరం లేనప్పుడు చేతులు జేబులో పెట్టుకోవాలి. నా చుడీదార్‌కు జేబులు లేవు. అందుకని నాకూ ఒక జత సూదులు, ఊలుండ ఇచ్చింది. నేను అల్లినది స్వెట్టరో, మేజోడో, దిండు గలీబో ఇప్పటికీ ఎవరూ తేల్చలేకపోయారు. కానీ ఒకటి తెలిసింది. మూల కూర్చుని అల్లుకునే మనిషిని చూస్తే కనేదానికి ధైర్యం వస్తుంది. ఏదో కొంప మునుగుతుంటే ఈవిడ ఇలా అల్లుకోదు కదా అనుకుంటుంది. అల్లేవాళ్ళకేమో అన్నీ కనబడుతూనే ఉంటాయి. చేతులు జేబులోంచి ఎప్పుడు తీయాలో తెలియడమే ఈ చదువంతా.

హ్యాటీ బామ్మ

కారులో ప్రయాణాలప్పుడు ఒడెస్సా తన బామ్మ గురించి చెప్పేది. పేరు హ్యాటీ. ఆవిడ కూడా మంత్రసానే, ఆవిడ తల్లీ అంతే. ఆ రోజుల్లో వాళ్ళ ప్రాంతంలో నల్లవాళ్ళను చేర్చుకునే ఆస్పత్రులు అరుదు. పల్లెల్లో పిల్లల్ని భూమ్మీదికి తెచ్చింది ఈ ఆడవాళ్ళే. తమవాళ్ళ పిల్లల్నే కాదు, తెల్లవాళ్ళ పిల్లల్ని కూడా. ఆ విద్య బానిసత్వపు రోజుల నుంచి, అంతకు ముందు ఆఫ్రికా నుంచి, చేతి నుంచి చేతికి వచ్చింది.

తర్వాత సర్కారువాళ్ళు వచ్చారు. లైసెన్సు ఉండాలన్నారు, తెల్ల ఏప్రన్ కట్టమన్నారు. ఒక తెల్ల నర్సు వచ్చి, చర్చి హాల్లో మంత్రసానులందర్నీ వరసగా నిలబెట్టి సంచులు విప్పించి చూసేది. "చేతులు కడుక్కోవడం గట్టిగా నేర్పారు, దానివల్ల పిల్లలు బతికారు. ఆ మాట నేను కాదనను" అనేది ఒడెస్సా. కానీ నాటు మందులు, కషాయాల ఆకులు సంచిలో కనబడకూడదు. అందుకని హ్యాటీ బామ్మకు రెండు సంచులుండేవి. తళతళలాడే తెల్లది నర్సమ్మకు చూపించడానికి, పాత నల్లది పనికి.

ఒకసారి ఆ నర్సే నిండు గర్భంతో తనిఖీకి బయల్దేరింది. కారు బురదలో దిగబడింది. అక్కడే నొప్పులు మొదలై హ్యాటీ బామ్మ వసారాలోకి వచ్చి పడింది. బామ్మ నిబంధన ప్రకారం తెల్ల సంచి తెచ్చి విప్పింది. ఆ నర్సు అంత నొప్పిలోనూ, "అది కాదు హ్యాటీ, ఆ రెండోది తీసుకురా" అందట. ఎన్నాళ్ళ నుంచి తెలుసో ఏమో, ఒక్కసారీ పైకి అనలేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఒడెస్సా పడీపడీ నవ్వేది. చివర మాత్రం నవ్వేది కాదు. కొన్నేళ్ళకు ఆ ముసలి మంత్రసానులందర్నీ ఆఫీసుకు పిలిచి, మీ సేవలకు ధన్యవాదాలని చెప్పి, కేకు పెట్టి, లైసెన్సులు తీసేసుకున్నారు. బామ్మ తన కేకు ముక్క రుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. "ఆ కేకు తిన్నది నేనే" అనేది ఒడెస్సా. "చిన్నపిల్లని. ఎందుకిచ్చారని అడగనైనా లేదు."

ఇచ్ఛాపురం నుంచి విశాలాక్షమ్మ

ఇప్పుడు శిరీష సంగతి చెబుతాను. నా సర్వీసులో నాకు ఎక్కువ నేర్పింది ఆ పురుడే.

శిరీషది విజయవాడ, భర్త శ్రీకాంత్‌ది ఇచ్ఛాపురం, ఒరిస్సా సరిహద్దులో మన చిట్టచివరి ఊరు. మౌంట్ రాస్కిల్‌లోనే అద్దెకుండేవారు. తొలిచూలు. పురుటికి రావలసింది శిరీష వాళ్ళమ్మ. ఆవిడకు వీసా రాలేదు, అత్తగారికి వచ్చింది. మన కుటుంబాల గురించి ఇమిగ్రేషన్ వాళ్ళకు ఏమీ తెలియదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

అత్తగారి పేరు విశాలాక్షమ్మ. ఆవిడ ఈ దేశం మీద కోపంతోనే దిగింది. కోడలికి పెట్టడానికి నెయ్యి, బాలింత కాయం, వాము, ఎండబెట్టిన వేపాకు మూటలు కట్టి తెస్తే ఎయిర్‌పోర్టులో అన్నీ తీసేసుకున్నారు. నన్ను చూడగానే ఆ కథ మొదలుపెట్టింది.

"ఒక కుక్క వచ్చి నా సంచీ పక్కన బుద్ధిగా కూకుందమ్మా. ఏటో, ఈ దేశంలో కుక్కలకు కూడా మర్యాద తెలుసు అనుకున్నాను. దాని వెనకే ఒక గుంటడు వచ్చి నెయ్యి పట్టుకుపోనాడు."

నేను ముందు ఒక్కదాన్నే వెళ్ళాను ఆ రోజు. ఒడెస్సా కారు పార్క్ చేసి వస్తోంది. శిరీష అత్తగారితో, "పెద్ద మిడ్‌వైఫ్ కూడా వస్తున్నారత్తయ్యా, ఒడెస్సా ఆంటీ" అంది.

విశాలాక్షమ్మ ముఖం వెలిగిపోయింది. "ఒరిస్సా ఆవిడా? ఆ మాట ముందే చెప్పవేటే!"

ఇచ్ఛాపురంలో సగం మందికి ఒరియా వస్తుంది. ఒడెస్సా గుమ్మంలో అడుగుపెట్టగానే ఈవిడ ఎదురెళ్ళి, రెండు చేతులూ పట్టుకుని, "ఆపొణొ కెమితి అఛంతి?" అని కుశలమడిగింది. ఒడెస్సా నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను. ఒడెస్సా నా దగ్గర నేర్చుకున్న తెలుగు నాలుగే ముక్కలు. ఎదుటి మనిషి తెలుగే మాట్లాడుతోందనుకుని, ఉన్నదంతా బయటికి తీసింది. "బాగుందమ్మా. నొప్పి. ఊపిరి. ఆగు."

విశాలాక్షమ్మ నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళింది. "పాపం, వచ్చి చాన్నాళ్ళయినట్టుంది. సొంత భాష మర్చిపోయింది. తెలుగే కాస్త నయం."

శిరీష నవ్వు ఆపుకోలేక, బీపీ చూస్తే పైన ఎక్కడో ఉంది. కాసేపు ఆగి మళ్ళీ చూడాల్సి వచ్చింది.

కారులో ఒడెస్సాకు విషయం చెప్పాను. ఆవిడ స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వింది. "ఆ ఒరిస్సా ఎలా ఉంటుంది?" అంది.

"సముద్రముంటుంది. గుళ్ళుంటాయి. ఎండ ఎక్కువ."

"మా ఊరికన్నా బాగుంది. అలాగే ఉండనీ" అంది.

పేపర్ కప్పు

రెండోసారి వెళ్ళినప్పుడు విశాలాక్షమ్మ నా పేరడిగింది. "రూతు" అన్నాను. ఊరు అడిగింది. ఇంటిపేరు అడిగింది. చెప్పాను. "అలాగా" అంది. ఆ 'అలాగా' నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా అమ్మమ్మ కూడా ఊళ్ళో పురుళ్ళు పోసేది, దొడ్డి గుమ్మం వైపు నుంచి వెళ్ళి, అటు నుంచే వచ్చేది.

ఆ రోజు టీ వచ్చింది. ఒడెస్సాకు పూల పింగాణీ కప్పు, సాసరు. నాకు పేపర్ కప్పు. పుట్టినరోజు పార్టీలో మిగిలినది, దాని మీద బెలూన్ల బొమ్మ.

తిరిగి వస్తుంటే ఒడెస్సా అడిగింది. "నీకెందుకు బెలూన్లు?"

చెప్పాను. ఇది ఇంగ్లిష్‌లో చెప్పడం చాలా కష్టం. ఇద్దరం ఒకే దేశం, ఒకే భాష, ఒకే రంగు కదా అని వాళ్ళడుగుతారు. ఒడెస్సా అడగలేదు. "అందులో టీ బాగుంటుందా?" అని మాత్రం అడిగింది.

"వేళ్ళు కాలతాయి."

"ఊఁ" అంది.

మరుసటి విజిట్‌కి మళ్ళీ ట్రే వచ్చింది. ఒడెస్సా చెయ్యి చాపి నా బెలూన్ల కప్పు తీసుకుని, పూల కప్పు నా ముందు పెట్టింది. విశాలాక్షమ్మ కంగారుపడిపోయింది. "అయ్యయ్యో, అది రూతుదమ్మా!"

ఒడెస్సా తాపీగా చెప్పింది. "అలబామాలో మా హ్యాటీ బామ్మకు తెల్లవాళ్ళ ఇళ్ళల్లో ఒక రేకు డబ్బా విడిగా ఉండేది. లోపల బిడ్డ బొడ్డు కోసి వస్తే, వెనక మెట్ల మీద కూర్చోబెట్టి అందులో కాఫీ పోసేవారు. నాకిది అలవాటే. మంచి కప్పు రూత్‌కి ఇవ్వండి." చెప్పి నా వైపు తిరిగింది. "అనువాదం చెయ్యి."

నా జీవితంలో అంత ఇబ్బందికరమైన అనువాదం చేయలేదు. నన్ను అవమానించిన మనిషికి, ఆ అవమానాన్ని, నా నోటితోనే, మంచి తెలుగులో చెప్పాలి. మాట పొల్లుపోకుండా చెప్పాను. శిరీష నేల చూపులు చూస్తోంది.

విశాలాక్షమ్మ చాలాసేపు ఆలోచించి, చివరికి నోరు విప్పింది. "అలబామా అంటే, ఒరిస్సాలో ఏ జిల్లా?"

"అత్తయ్యా, ఆవిడది అమెరికా" అంది శిరీష.

"అమెరికాయా! మరి నేనింత ఒరియా మాటాడేనేటే?"

ఆ పూటకు ఆవిడ బాధంతా ఆ ఒరియా గురించే అనిపించింది. కానీ తర్వాతిసారి ట్రేలో ఒకేలాంటి స్టీలు గ్లాసులు వచ్చాయి. ఒడెస్సాకొకటి, నాకొకటి, తనకొకటి. వేళ్ళు మాత్రం మళ్ళీ కాలాయి, స్టీలు కదా.

పిల్లలూ, ఇలాంటివి మీకూ ఎదురవుతాయి. మన వాళ్ళ ఇళ్ళల్లో కావచ్చు, తెల్లవాళ్ళ ఇళ్ళల్లో కావచ్చు. నేను పాతికేళ్ళు మౌనంగా మింగాను. అదే మర్యాద అనుకున్నాను. ఒడెస్సా కోప్పడనూ లేదు, మింగనూ లేదు. అది నేర్చుకోండి.

ఆ ఆదివారం

ఒక ఆదివారం పొద్దున టిఫిన్లవేళ శిరీష ఫోన్ చేసింది. "ఆంటీ, నడుం కొంచెం లాగుతోంది. ఏం లేదు, ఊరికే చెబుతున్నా" అంది. ఊరికే చెప్పే ఫోన్లు ఊరికే ఉండవు. ఇద్దరం బయల్దేరాం.

ఆస్పత్రికి వెళ్ళాలన్నది మా ఏర్పాటు. శ్రీకాంత్ ఇంట్లో లేడు. బిడ్డను కారులో తీసుకురావడానికి సీటు కొనడం ఆ రోజు దాకా వాయిదా వేసి, అప్పుడే ఊరికి ఆ చివరున్న బోటనీ డౌన్స్‌లో షాపులకు పరిగెత్తాడు. శిరీష వంటింటి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. మాట్లాడటం లేదు. ఒడెస్సా రెండు నొప్పుల సేపు చూసింది. "ఈ అమ్మాయి ఎక్కడికీ రాదు. బిడ్డే ఇక్కడికి వస్తోంది" అంది. నేను అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. విశాలాక్షమ్మ అద్దె ఇంటి కార్పెట్ పాడవకుండా పాత పేపర్లు పరవడం మొదలుపెట్టింది.

పరుస్తూ పంచాంగం తీసింది. "ఇవాళంతా మూలా నక్షత్రం. రేపు వెళ్ళిపోద్ది. కాస్త ఆపలేరా అమ్మా?"

"ఏమంటోంది?" అంది ఒడెస్సా.

"బిడ్డను రేపటిదాకా ఆపమంటోంది."

"బిడ్డతోనే మాట్లాడుకోమను."

చెప్పాను. ఆవిడ నిజంగానే కోడలి పొట్ట దగ్గరకు వంగి, "బాబూ, రేపొద్దున్న రా నాన్నా, మంచివాడివి కదూ" అని బతిమాలింది. బదులుగా పెద్ద నొప్పి వచ్చింది. ఇక లాభం లేదని ఆవిడ విష్ణు సహస్రనామం అందుకుంది. ఒడెస్సా తనకు అలవాటైన చర్చి పాట కూనిరాగం తీస్తూ మూల కూర్చుని అల్లుకుంటోంది. రెండు రాగాలూ కలవడం లేదు. "ఇద్దరూ ఆపండి!" అని శిరీష అరిచింది. ఇద్దరూ ఆపారు. ఒక్క క్షణమే.

అంతా సాఫీగానే జరుగుతోంది. తల వచ్చింది. వచ్చి, తాబేలు తలలా వెనక్కి లాక్కుంది. అల్లిక సూదులు నేల మీద పడిన చప్పుడు నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

"భుజం ఇరుక్కుంది" అంది ఒడెస్సా మెల్లగా.

అది అరిచి చెప్పవలసిన మాట. ఆవిడ అరవలేదు. తల బయట, ఒళ్ళు లోపల. బిడ్డకు ఉన్నది కొద్ది నిమిషాలు. శిరీష మోకాళ్ళు పొట్టకు ఆనించి పట్టుకున్నాం. నేను పొత్తికడుపు పైన నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. కదల్లేదు.

"తిప్పాలి. చేతుల మీద, మోకాళ్ళ మీద" అంది ఒడెస్సా.

"శిరీషా, బోర్లా తిరుగు తల్లీ, మోకాళ్ళ మీదకు లే" అన్నాను.

ఆ పిల్ల సొమ్మసిల్లినట్టుంది. కళ్ళు తెరిచి అత్తగారిని చూసింది. "అత్తయ్య ముందు అలాగా? నా వల్ల కాదాంటీ" అని ఏడ్చింది. మేము ఎత్తబోతే ఒళ్ళు బిగించేసింది.

సహస్రనామం ఆగిపోయింది. విశాలాక్షమ్మ కొంగు నడుముకు దోపుకుంది. ఆ పేపర్ల మీద, కోడలి కళ్ళెదురుగా, చేతుల మీదా మోకాళ్ళ మీదా వంగి నిలబడింది.

"ఇదిగో, ఇలాగ! నన్ను చూడు! సిగ్గేటి నా దగ్గర? నీ మొగుడికి ఇలాగే గుర్రం ఆడించేను. తిరుగు! తిరుగమ్మా, నా తల్లివి కదూ!"

శిరీష తిరిగింది. తిరగడంలోనే లోపల ఏదో సడలింది. ఒడెస్సా చెయ్యి లోపలికి వెళ్ళింది, భుజం జారింది, ఆ వెనకే బిడ్డంతా వచ్చేసింది. ఆడపిల్ల. నీలంగా, గుడ్డపీలికలా ఉంది. ఏడవలేదు.

తువాలుతో రుద్దాను. ఒడెస్సా చిన్న మాస్కు ముక్కు మీద పెట్టి ఊపిరి కొట్టడం మొదలుపెట్టింది. విశాలాక్షమ్మ అలాగే వంగి ఉంది, ఇటు తిరిగి చూడటానికి ధైర్యం లేదు.

"ఏటి, ఏడవదేటి? ఏడవదేటమ్మా?"

నేను అంతమంది బిడ్డల్ని చూశాను కానీ, ఆ కాసేపు ప్రార్థన కూడా సరిగ్గా రాలేదు, ప్రభువా ప్రభువా అనడం తప్ప. అప్పుడు చిన్న దగ్గు. ఒక తుమ్ము. ఆ తర్వాత ఏడుపు, మా పాత ఇన్‌చార్జి సిస్టర్‌కు తగ్గని గొంతుతో. ఒళ్ళు ఎర్రబడింది. ఒడెస్సా కూలబడి, కోటు చేత్తో ముఖం తుడుచుకుంది.

అందరం శిరీషనీ బిడ్డనీ చూసుకుంటుండగా కింద నుంచి గొంతు వినబడింది.

"నన్నెవరైనా లేపండి!"

మోకాళ్ళు పట్టేశాయి. ఒడెస్సా ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకుని లేపాం. లేచి, ఇద్దరి మెడలూ కౌగిలించుకుని భోరుమంది. తర్వాత కళ్ళు తుడుచుకుని మనవరాలిని చూసి, "మూలలోనే పుట్టేసింది మొండిది" అంది.

అంబులెన్సూ, శ్రీకాంత్ ఒకేసారి వచ్చారు. శ్రీకాంత్ ఒక చేత్తో కారు సీటు, ఒక చేత్తో దాన్ని బిగించే వివరాల కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఆంటీ, టైముందా? ఇది ఫిట్ చేయడానికి అరగంట పడుతుందట!" వాళ్ళమ్మ వాణ్ణి చూసిన చూపు నేను రాయలేను.

ఆస్పత్రిలో పరీక్ష చేసి తల్లీ బిడ్డా క్షేమమన్నారు. అలా తిప్పడం మీ పాఠాల్లో ఉంటుంది, బొమ్మతో సహా. ఒడెస్సా మాత్రం అది పుస్తకంలో చదవకముందే హ్యాటీ బామ్మ దగ్గర చూసింది. పాఠంలో లేనిది ఒకటుంది. ఆ గదిలో ఎవరికి ఎవరి ముందు సిగ్గో, ఎవరంటే భయమో మీరు ముందే కనిపెట్టి ఉండాలి. మేమిద్దరం చదువుకున్నవాళ్ళమే, మా చేతులు సరైన చోటే ఉన్నాయి. కానీ ఆ పిల్లను తిప్పింది అత్తగారు.

బారసాల

బారసాలకు మమ్మల్నిద్దర్నీ పిలిచారు. విశాలాక్షమ్మ మాకు చెరొక కొత్త పట్టుచీర పెట్టింది. ఒడెస్సా దాన్ని ఊలు కోటు మీదే కట్టించుకుంది. శాండ్రింగమ్ నుంచి వచ్చిన పంతులుగారు ఆవిడను చూసి తడబడి, ఒక మంత్రం రెండుసార్లు చదివారు. ఉయ్యాల పక్కన ముందు వరస కుర్చీల్లో మమ్మల్ని కూర్చోబెట్టారు.

భోజనాలయ్యాక విశాలాక్షమ్మ వచ్చి మా మధ్య కూర్చుంది. అంతవరకు గలగలలాడిన మనిషి, నెమ్మదిగా మాట్లాడింది.

"మా ఊళ్ళో గురువమ్మ అని ఉంది. నా పిల్లలందర్నీ ఆవిడే తీసింది. శ్రీకాంత్ పేగు మెళ్ళో వేసుకుని పుడితే ఆవిడే విప్పింది. పురుడు వెళ్ళేక ఒక పాత చీర, కాసిని బియ్యం ఇచ్చేవాళ్ళం. గుమ్మం బయటే. మీరు కుర్చీలో కూకున్న దగ్గర్నుంచి ఆలోచిస్తున్నాను రూతూ, ఆవిడ మా ఇంట్లో ఎప్పుడైనా కూకుందా అని. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు."

ఒడెస్సాకు చెప్పాను. ఆవిడ విశాలాక్షమ్మ చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. వీసా అయిపోయేదాకా ఆ ఇద్దరూ నెలకోసారైనా కలుసుకునేవారు. ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేవారు. నన్ను పిలిచేవారు కాదు.

విశాలాక్షమ్మ ఇండియా వెళ్ళాక చాలా రోజులకు నాకు ఫోన్ చేసింది. మనవరాలి సంగతి, మోకాళ్ళ సంగతి, నెయ్యి సంగతి అన్నీ అయ్యాయి. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"గురువమ్మ ఇంటికెళ్ళేను రూతూ. మా ఇంటికి నాలుగు వీధులవతల. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆ ఊళ్ళోనే ఉన్నాను కదా, అయినా దారి అడగాల్సొచ్చింది."

"ఆవిడ ఏమన్నారమ్మా?"

"చూపు బాగా తగ్గిపోయింది. నా గొంతు పోల్చుకుని గాబరాగా లేచింది. 'ఎవరికమ్మా నొప్పులు?' అంది. ఎవరికీ లేదు, ఊరికే వచ్చేను, కూకో అన్నాను. నమ్మలేదు రూతూ. చెప్పులు వెతుక్కుంటోంది."